రాత్రిపూట ఆగిపోయే కెమెరాలు: ఒక కేబులింగ్ కేసు

నేపథ్యం

రెండు భవనాలున్న సంస్థ. ముందు ఆఫీసు, వెనక గోదాము, మధ్యలో లారీలు తిరిగే ఆవరణ. ఎవరిదో తెలిసే వివరాలన్నీ తీసేశాను. నెట్‌వర్క్ కేబుళ్లలో ఏ రకం ఎందుకుంది, ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ దెబ్బతీస్తుంది అన్నది ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లకు చెప్పాలంటే నేను ఎత్తుకునేది ఈ కేసే. మామూలుగా ఒక్కోచోట ఒక్కోటిగా కనిపించే తప్పులన్నీ ఇక్కడ ఒకేచోట దొరికాయి.

ఆఫీసులో ఉన్నవి పాత క్యాట్5ఈ కేబుళ్లు (క్యాట్ అంటే కేటగిరీ, నెట్‌వర్క్ కేబుల్ స్థాయిని చెప్పే పేరు). కంప్యూటర్లకీ ప్రింటర్లకీ వేసినవి. గోదాము తర్వాత కట్టారు, అక్కడి వైరింగ్ వేరే కాంట్రాక్టర్ చేశాడు. ఆ కేబుల్ జాకెట్ మీద క్యాట్6 అని అచ్చు వేసి ఉంది. రెండు భవనాలనూ కలిపేది కూడా అదే కేబుల్. ఆఫీసు గోడ ఎక్కి, ఆవరణ దాటి, గోదాము కప్పు కిందుగా లోపలికి వెళ్లింది.

చాలాకాలం అంతా బాగానే నడిచింది. తర్వాత గోదాములో ఉన్న చిన్న కెమెరాలు తీసేసి, నలువైపులా తిరిగే పెద్ద కెమెరాలు పెట్టించారు. ఆఫీసులో వైఫై యాక్సెస్ పాయింట్లు కూడా కొత్తవి వచ్చాయి. వీటన్నిటికీ కరెంటు కూడా నెట్‌వర్క్ కేబుల్లోంచే వెళ్తుంది, పీఓఈ (పవర్ ఓవర్ ఈథర్నెట్) అంటాం. పరికరాలు మారాయి గానీ కేబుల్ జోలికి ఎవరూ పోలేదు.

ఫిర్యాదులు

మూడు ఉన్నాయి. చీకటి పడ్డాక గోదాములో చివర ఉన్న కెమెరాలు ఆగిపోతాయి, కాసేపటికి వాటంతట అవే లేస్తాయి, మళ్లీ ఆగుతాయి. పగలు మాత్రం ఒక్కటీ ఆగదు. రెండోది, ఆఫీసులో కొన్ని సీట్ల దగ్గర నెట్‌వర్క్ నెమ్మది. మెయిల్ చూసుకుంటే తెలియదు, సర్వర్ నుంచి పెద్ద ఫైలు కాపీ చేస్తే తెలుస్తుంది. మూడోది, ఉరుములు మెరుపులతో వాన పడ్డప్పుడు రెండు భవనాలను కలిపే స్విచ్ (నెట్‌వర్క్ కేబుళ్లన్నీ వచ్చి కలిసే పెట్టె) పోర్టు కాలిపోతోంది.

వీటిని మూడు వేర్వేరు సమస్యలుగానే చూశారు. మొదటిది కెమెరాలు అమ్మినవాళ్ల దగ్గరికి, రెండోది ఇంటర్నెట్ ఇచ్చేవాళ్ల దగ్గరికి వెళ్లింది. మూడోదానికి పోర్టు మార్చుకుంటూ పోయారు.

మేం వెళ్లేసరికే కెమెరాల ఫర్మ్‌వేర్ కొత్తది వేశారు, ఒక కెమెరా మార్చి చూశారు, ఎక్కువ పవర్ ఇవ్వగల కొత్త స్విచ్ కొన్నారు. ఈ ఆలోచనలో తప్పేమీ లేదు. స్విచ్ అన్ని పోర్టులకూ కలిపి ఇవ్వగల పవర్ చాలకపోతే సరిగ్గా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. కానీ కొత్త స్విచ్ వచ్చాక కూడా చివరి కెమెరాలే ఆగుతున్నాయి, దగ్గరివి ఆగడం లేదు. పవర్ మొత్తంగా చాలకపోతే దూరాన్ని బట్టి తేడా ఉండకూడదు. మా ఆలోచన ఇక్కడి నుంచి మొదలైంది.

కెమెరా కేబుల్

స్విచ్ లాగ్ చూస్తే పడిపోయిన ప్రతిసారీ ఆ పోర్టు మీద ఓవర్‌లోడ్ అని నమోదై ఉంది. అంటే కెమెరా తనకై తాను రీస్టార్ట్ కావడం లేదు. కరెంటు ఎక్కువ లాగుతోందని స్విచ్చే కట్ చేస్తోంది, కాసేపాగి మళ్లీ ఇస్తోంది. మరి రాత్రి మాత్రమే ఎందుకు? చీకటి పడితే కెమెరాలో ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలుగుతాయి. పగలు 12 వాట్లతో సరిపెట్టుకునే కెమెరా రాత్రి 25 వాట్ల దాకా అడుగుతుంది.

అనుమానం ఒక్కోదాని మీద నుంచి తీసేయాలి. రోజూ ఆగిపోయే కెమెరాను కిందికి దించి, స్విచ్ పక్కనే పెట్టి, చిన్న ప్యాచ్ కార్డుతో (రెండు చివరలా కనెక్టర్లున్న పొట్టి కేబుల్) తగిలించి, మందపాటి నల్లగుడ్డ కప్పాం. దీపాలు వెలిగాయి. తెల్లవార్లూ ఒక్కసారి కూడా ఆగలేదు. కెమెరా బాగుంది, స్విచ్ బాగుంది, ఇక మిగిలింది కేబులే.

ముందుగా రెండు చివరలా కనెక్టర్లు కోసేసి కొత్త ఆర్‌జే45లు (నెట్‌వర్క్ ప్లగ్గులు) క్రింప్ చేశాం, అంటే తీగల మీద నొక్కి బిగించాం. కారణం ఉంది: చివర్ల దగ్గర కాంటాక్టు సరిగా లేకపోతే అక్కడ రెసిస్టెన్స్ పెరుగుతుంది, అన్నిటికంటే తక్కువ శ్రమతో సరిచేయగలిగేదీ అదే. కెమెరాలు నిలబడ్డాయి. కొన్నాళ్లకు మళ్లీ ఆగడం మొదలైంది. నాకు బాగా పనికొచ్చిన సమాచారం ఇదే. మంచి రాగి తీగకు సరిగా క్రింప్ చేస్తే అంత త్వరగా వదులు కాదు. తీగ మీదే అనుమానం వచ్చింది.

ఒక కేబుల్ చివర జాకెట్ తీసి, తీగ మీద బ్లేడుతో గీరాను. పైన రాగి రంగు పొర లేచి, కింద వెండిలా తెల్లగా మెరిసింది. అల్యూమినియం తీగ మీద పల్చగా రాగి పూత వేసినది, సీసీఏ అంటారు. తీగ మందం కూడా ఉండాల్సినదానికంటే తక్కువే. వేలితో రెండుమూడుసార్లు అటూ ఇటూ వంచితే పుటుక్కున విరిగింది. జాకెట్ మీద ఏ అంకె అచ్చు వేసినా ఇది క్యాట్6 కాదు, అసలు ఏ క్యాట్ కూడా కాదు. కేబులింగ్‌కు అమెరికా ప్రమాణం టీఐఏ568, అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ/ఐఈసీ 11801, రెండూ పూర్తి రాగి తీగనే అడుగుతాయి.

చేతిలో మల్టీమీటర్ ఉంటే చాలు, ఇది అంకెల్లో తేల్చుకోవచ్చు. కేబుల్ ఒక చివర ఒక జత తీగలను మెలిపెట్టి కలిపి, రెండో చివర నుంచి రెసిస్టెన్స్ కొలవాలి. 24 ఏడబ్ల్యూజీ (తీగ మందం కొలత, అంకె తగ్గితే తీగ మందం) రాగి తీగ 100 మీటర్లకు సుమారు 8.4 ఓమ్‌లు ఉంటుంది. కాబట్టి 80 మీటర్ల కేబుల్లో పోయేదీ వచ్చేదీ కలిపి 13.5 ఓమ్‌ల చుట్టూ రావాలి. ఇక్కడ 34 వచ్చింది. ప్యాచ్ కార్డులతో సహా 100 మీటర్ల చానల్‌కు (ఈ చివర నుంచి ఆ చివర దాకా మొత్తం దారికి) ప్రమాణం ఇచ్చే గరిష్ఠ పరిమితే 25.

ఆ 34 ఓమ్‌లే కెమెరాను ఆపుతున్నాయి. పీఓఈలో కరెంటు ఒక జతలోని రెండు తీగల్లోంచీ కలిసి వెళ్లి, ఇంకో జతలోని రెండు తీగల్లోంచి తిరిగొస్తుంది. అందువల్ల దారి రెసిస్టెన్స్ ఇందులో సగం, 17 ఓమ్‌లు. స్విచ్ దగ్గర 50 వోల్టులున్నాయి. కెమెరాకు కావలసింది 25 వాట్లు. దారిలో వోల్టేజి పడిపోయేకొద్దీ అదే 25 వాట్ల కోసం కెమెరా ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది, దాంతో వోల్టేజి ఇంకా పడుతుంది. లెక్క కడితే కరెంటు 0.64 ఆంపియర్ల దగ్గర తేలుతుంది, స్విచ్ వైపు 32 వాట్లు. 2009లో వచ్చిన 802.3ఏటీ ప్రమాణం ప్రకారం స్విచ్ ఒక పోర్టుకు ఇచ్చేది 30 వాట్లు, 0.6 ఆంపియర్లు. దాటగానే కట్ చేస్తుంది, చేయాలి కూడా. అదే దూరం మంచి రాగి తీగ అయితే 0.54 ఆంపియర్లు, 27 వాట్లు, ఏ ఇబ్బందీ లేదు. పగలు 12 వాట్లే కాబట్టి ఈ చెత్త కేబుల్లో కూడా నడిచిపోయింది.

మధ్యలో పీఓఈ ఇంజెక్టర్లు (కేబుల్లోకి కరెంటు ఎక్కించే చిన్న పెట్టెలు) పెడితే కేబుల్ మార్చే పని తప్పుతుందని సంస్థవాళ్లు అడిగారు. ఒక కెమెరాకు పెట్టి చూశాం. పవర్ సమస్య పోయింది, కానీ ఆ పోర్టు మీద సీఆర్‌సీ ఎర్రర్లు (దారిలో డేటా పాడైందని చెప్పే లెక్క) పోలేదు. సిగ్నల్ వెళ్లేదీ అదే తీగలోంచి కదా. పైగా సీసీఏలోంచి కరెంటు పంపడం నాకు అస్సలు ఇష్టం లేదు. రెసిస్టెన్స్ ఎక్కువైతే తీగ వేడెక్కుతుంది, కట్టలు కట్టిన కేబుళ్లలో ఆ వేడి బయటికి పోదు, క్రింప్ కింద అల్యూమినియం మెల్లగా అణిగి కాంటాక్టు వదులవుతుంది. గోదాము నిండా అట్టపెట్టెలు. ఈ ఒక్క విషయంలో బేరం లేదని చెప్పాం.

ఆఫీసులో నెమ్మది

ఇక్కడ కేబుల్ మంచిదే, నిఖార్సయిన రాగి క్యాట్5ఈ. గీరి చూశాం, కొలిచాం. క్యాట్5ఈ 100 మెగాహెర్ట్జ్ దాకా పనిచేస్తుంది, గిగాబిట్‌ను (సెకనుకు 1000 మెగాబిట్లు, అంటే 1000 ఎంబీపీఎస్) 100 మీటర్లు మోస్తుంది. మరి నెమ్మది ఎక్కడిది?

స్విచ్ పోర్టులు చూస్తే సీట్లు రెండు గుంపులుగా విడిపోయాయి. కొన్ని 100 ఎంబీపీఎస్ దగ్గరే కలుస్తున్నాయి. కొన్ని గిగాబిట్‌కి కలుస్తున్నాయి గానీ ఫైలు కాపీ మొదలవగానే ఎర్రర్ల లెక్క పరుగెడుతోంది.

మొదటి గుంపు తేలిక. 100 ఎంబీపీఎస్‌కు రెండు జతలు చాలు: 1, 2 పిన్నులు, 3, 6 పిన్నులు. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. గోధుమ రంగు జతలో ఒక్క తీగ తెగినా చాలా పరికరాలు మారు మాట్లాడకుండా 100కి దిగిపోతాయి, లైటు మాత్రం వెలుగుతూనే ఉంటుంది. ఇక్కడ గోడ పాయింటు నుంచి కంప్యూటర్ దాకా వాడినవి చేత్తో క్రింప్ చేసిన గట్టి తీగ ముక్కలు. గట్టి తీగ గోడలో కదలకుండా ఉండటానికి పుట్టింది, సిగ్నల్ నష్టం తక్కువ, కానీ పదేపదే వంగితే లోపల తెగుతుంది. బల్ల కింద కాలికీ కుర్చీ చక్రాలకీ దొరికే చోట సన్నపోగులతో చేసిన ప్యాచ్ కార్డే ఉండాలి. ఫ్యాక్టరీ ప్యాచ్ కార్డులు వేశాం, ఆ గుంపు అక్కడితో తీరిపోయింది.

రెండో గుంపు కాస్త కష్టపెట్టింది. ఎనిమిది లైట్ల టెస్టర్ పెడితే 1 నుంచి 8 దాకా వరసగా పచ్చగా వెలిగాయి. పాయింటు విప్పి చూస్తే తీగల వరస ఇలా ఉంది: తెల్లనారింజ, నారింజ, తెల్లపచ్చ, పచ్చ, తెల్లనీలం, నీలం, తెల్లగోధుమ, గోధుమ. రెండు చివరలా ఇదే. చూడ్డానికి ముచ్చటగా ఉంది. రెండువైపులా ఒకే వరస ఉంటే చాలు, ఏ వరసైనా పర్లేదు అనే నమ్మకం ఈ పనిలో చాలామందికి ఉంది. నేరుగా తీగ నుంచి తీగకు కరెంటు పోతోందా అని చూసే టెస్టర్ కూడా దానికి సరేనంటుంది.

కానీ జతలోని రెండు తీగలనూ కలిపి మెలిపెట్టడానికి కారణం ఉంది. రెండు తీగల్లోనూ ఒకే సిగ్నల్ ఒకదాంట్లో ప్లస్‌గా, ఇంకోదాంట్లో మైనస్‌గా వెళ్తుంది, మెలిక వల్ల బయటి గోల రెండిటి మీదా సమానంగా పడి, చివర్లో కొట్టివేసుకుపోతుంది. స్విచ్ 3, 6 పిన్నులను ఒక జతగా వాడుతుంది. పై వరసలో 3లో తెల్లపచ్చ, 6లో నీలం ఉన్నాయి, అవి వేర్వేరు మెలికలకు చెందినవి. 4, 5 పిన్నులకూ అదే గతి. స్ప్లిట్ పెయిర్ అంటాం. పక్క జతల మాటలు ఇందులో వినపడతాయి. 100 ఎంబీపీఎస్‌లో, తక్కువ దూరంలో ఎలాగో నెట్టుకొస్తుంది. నాలుగు జతల్లోనూ ఒకేసారి రెండువైపులా సిగ్నల్ నడిపే గిగాబిట్‌లో నిలవదు. టీ568బీ అనే ప్రామాణిక వరసలో 3లో తెల్లపచ్చ, 4లో నీలం, 5లో తెల్లనీలం, 6లో పచ్చ ఉండేది ఇందుకే. సర్టిఫికేషన్ టెస్టర్ (కేబుల్ ప్రమాణానికి తగ్గట్టు ఉందో లేదో కొలిచేది) పెట్టగానే నియర్ ఎండ్ క్రాస్‌టాక్ (పక్క జత సిగ్నల్ ఇందులోకి దూరడం) దగ్గర ఫెయిల్ అని చూపించింది. అన్నిటినీ విప్పి టీ568బీలో తిరిగి కొట్టాం. మెలిక విప్పే పొడవు 13 మిల్లీమీటర్లు దాటకుండా ప్రతి పాయింటునూ ఒకరు చేస్తే ఇంకొకరు చూశారు. పాత కేబుళ్లు దాదాపు అన్నీ పాసయ్యాయి.

భవనాల మధ్య

ఇక్కడ రెండు తప్పులు కలిశాయి. కంటికి దూరం తక్కువే అనిపిస్తుంది. కానీ గోడ ఎక్కి దిగిన పొడవుతో కలిపి కేబుల్ 100 మీటర్లు దాటింది. దానికి తోడు ఎండకు తట్టుకోలేని పీవీసీ జాకెట్. ఆవరణ మీదుగా పోయేచోట అది బీటలు వారి, లోపలికి నీళ్లు దిగాయి. ఒక ముక్క కోసి దులిపితే చుక్కలు రాలాయి.

అవి రెండూ సరిచేసినా మూడోది మిగులుతుంది. రెండు భవనాలకు వేర్వేరు ఎర్తింగ్‌లు ఉన్నాయి. దగ్గర్లో పిడుగు పడితే రెండు ఎర్తుల మధ్య వోల్టేజి తేడా వస్తుంది, వాటిని కలుపుతూ లోహపు తీగ ఉంటే ఆ తేడా తీగలోంచే సర్దుకుంటుంది. మధ్యలో ఉన్న పోర్టు కాలిపోతుంది. షీల్డ్ (తీగల చుట్టూ లోహపు పొర) ఉన్న కేబుల్ వేద్దామా అన్నారు. రెండు చివరలా ఎర్త్ చేసిన షీల్డ్ కూడా ఆ రెండు ఎర్తులనూ కలిపే తీగే. సర్జ్ ప్రొటెక్టర్ కొంత ఆపుతుంది, కానీ కారణం అలాగే ఉంటుంది. భవనం నుంచి భవనానికి ఫైబర్ (వెలుగుతో డేటా పంపే గాజు పోగు) తప్ప ఇంకోటి నేను సిఫార్సు చేయను. గాజులోంచి కరెంటు పోదు.

ఫైబర్‌లో ఏది? మల్టీ మోడ్ (వెలుగు నడిచే మధ్యభాగం, అంటే కోర్, వెడల్పుగా ఉండే రకం) ఓఎం3 వేసినా ఈ దూరానికి 10 గిగాబిట్ హాయిగా వెళ్తుంది, దాని పరిమితి 300 మీటర్లు. అయినా సింగిల్ మోడ్ (కోర్ సన్నగా ఉండే రకం) ఓఎస్2 ఎంచుకున్నాం. భూమిలో పాతేది ఒక్కసారే. చివర్లలో పెట్టే ఆప్టిక్ మాడ్యూళ్లు ఎప్పుడైనా మార్చుకోవచ్చు, పాతిన గాజు మార్చలేం. సింగిల్ మోడ్ మీద 10 గిగాబిట్ ఎల్ఆర్ (దూరానికి చేసిన) మాడ్యూల్ 10 కిలోమీటర్లు పోతుంది. ఉక్కు కవచమున్న ఫైబర్ గట్టిదని వేయబోయారు, ఆపాం. ఆ ఉక్కు మళ్లీ లోహపు దారే అవుతుంది. లోహం లేని రకం తీసుకుని, బలం కోసం గట్టి పైపులో వేశాం. రెండు గాజు పోగులు చాలు, అయినా ఆరు పోగులది వేశాం.

వేశాక లింకు రాలేదు. లైట్ మీటర్‌తో కొలిస్తే గోదాము నుంచి ఆఫీసుకు వెలుగు బాగానే వస్తోంది, ఆఫీసు నుంచి గోదాముకు చాలా తక్కువ. ఒకవైపే తక్కువంటే స్ప్లైస్ (ఫైబర్ అతుకు) మీదో దుమ్ము మీదో అనుమానపడాలి. రెండు కొసలూ తుడిచాం, తేడా లేదు. అప్పుడు కంటపడింది, ఆఫీసు రాక్‌లో వేసిన ప్యాచ్ కార్డ్ రంగు. సింగిల్ మోడ్ పసుపు. ఇది నీలిపచ్చ, పాత డబ్బాలోంచి తీసిన మల్టీ మోడ్. కనెక్టర్ ఒకటే కాబట్టి చక్కగా దూరింది. 50 మైక్రాన్ల కోర్‌లోంచి వచ్చే వెలుగు 9 మైక్రాన్ల కోర్‌లోకి పట్టదు, చాలాభాగం బయటే పోతుంది. తిరుగు దారిలో సన్న కోర్ నుంచి వెడల్పు కోర్‌లోకి కాబట్టి నష్టం లేదు. పసుపు కార్డ్ వేయగానే లింకు వచ్చింది.

మళ్లీ వేసినప్పుడు ఏది ఎక్కడ

గోదాములోనే ఒక చిన్న రాక్ పెట్టి, ఫైబర్‌ను అక్కడి స్విచ్‌లో దించి, కెమెరా కేబుళ్లన్నీ అక్కడి నుంచే లాగాం. పొడవులన్నీ తగ్గాయి. కేబుల్ మందం కాస్త పెంచడం కంటే దూరం తగ్గించడమే ఎక్కువ లాభం. వేసింది 23 ఏడబ్ల్యూజీ పూర్తి రాగి క్యాట్6. ఎండ తగిలే చోట నల్ల పాలిథిలిన్ జాకెట్ ఉన్నది.

క్యాట్8 వేద్దామని సంస్థవాళ్లు గట్టిగానే అడిగారు. అంకె పెద్దదైతే మంచిదనుకోవడం సహజం. క్యాట్8 డేటా సెంటర్లలో 25, 40 గిగాబిట్‌లు 30 మీటర్ల లోపు మోయడానికి చేసింది, కెమెరాకు దానితో పనిలేదు. క్యాట్7 టీఐఏ ప్రమాణంలోనే లేదు. యాక్సెస్ పాయింట్లకు మాత్రం క్యాట్6ఏ వేశాం. క్యాట్6 మీద 10 గిగాబిట్ పరిస్థితులను బట్టి 37 నుంచి 55 మీటర్ల దాకానే నమ్మకం, క్యాట్6ఏ 100 మీటర్లూ మోస్తుంది. పై కప్పులో ఒకసారి వేసిన కేబుల్ మళ్లీ మార్చడం కష్టం, వైఫై వేగం ఏటా పెరుగుతోంది. అందుకని అక్కడ ఖర్చు పెట్టడం సబబు.

గోదాములో పెద్ద మోటార్లకు వెళ్లే కరెంటు కేబుళ్లున్నాయి. షీల్డ్ కేబుల్ అక్కడ పనికొచ్చేదే, కానీ రాక్ నుంచి ఎర్తింగ్ సరిగా ఉంటేనే. అది చూసుకునే మనిషి ఆ సంస్థలో లేడు. అందుకే మామూలు కేబుల్‌నే వేరే ట్రేలో, కరెంటుకు దూరంగా నడిపాం, దాటాల్సిన చోట అడ్డంగా దాటించాం.

గేటు దగ్గర పాత అనలాగ్ కెమెరా తాలూకు 75 ఓమ్‌ల కోయాక్స్ (టీవీ కేబుల్ లాంటిది) కేబుల్ పైపులో చెక్కుచెదరకుండా ఉంది. అక్కడ తవ్వడానికి వీల్లేదు. ఈథర్నెట్ పుట్టిందే కోయాక్స్ మీద, 10బేస్5 మందపాటి కేబుల్ 500 మీటర్లు పోయేది. రెండు చివరలా ఈథర్నెట్ కన్వర్టర్లు పెట్టి పాతదాన్నే వాడుకున్నాం, కెమెరాకు కరెంటు గేటు గదిలోంచి ఇచ్చాం. ఆఫీసు రాక్‌లో పైనా కిందా ఉన్న రెండు స్విచ్‌లను ట్వినాక్స్ డాక్ కేబుల్‌తో (రెండు చివరలా మాడ్యూళ్లు బిగించి వచ్చే పొట్టి రాగి కేబుల్) కలిపాం. ఒకే రాక్‌లో ఉన్న దూరానికి 10 గిగాబిట్ ఇంతకంటే తేలిగ్గా రాదు.

నేర్చుకున్నవి, మార్చుకున్నవి

పని ఒప్పుకునే ముందు ఇప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న, ఆ కేబుల్లో డేటా ఎంత పోవాలన్నదొక్కటే కాదు, కరెంటు ఎంత పోవాలి, ఎంత దూరం, ఎండావానా తగులుతుందా అని కూడా. కేబుల్ పెట్టె రాగానే ఒక చివర గీరి చూస్తాం, రెసిస్టెన్స్ కొలుస్తాం. పెట్టె తేలిగ్గా అనిపిస్తే తూకం వేస్తాం కూడా. అల్యూమినియం సాంద్రత రాగిలో మూడోవంతు కంటే తక్కువ కాబట్టి తేడా దాగదు.

పని అప్పగించేటప్పుడు ప్రతి లింకుకూ సర్టిఫికేషన్ రిపోర్టు ఇస్తాం. లైటు వెలిగింది, ఇంటర్నెట్ వచ్చింది అన్నదాన్ని పరీక్షగా లెక్కపెట్టం. కెమెరాలున్నచోట దీపాలు వెలిగించి, తిప్పుతూ, పూర్తి లోడు మీద స్విచ్‌లో వాట్లు చూసి రాసుకుంటాం. తర్వాత ఎప్పుడైనా సమస్య వస్తే పోల్చుకోవడానికి ఆ అంకె ఉంటుంది.

ఆ ఆఫీసు గోడల్లో క్యాట్5ఈ ఇప్పటికీ ఉంది. పాసైన లింకులను మార్చమని మేం చెప్పలేదు. డెస్క్ కంప్యూటర్లకు గిగాబిట్ చాలు, 2016లో వచ్చిన 802.3బీజెడ్ ప్రమాణంతో 2.5 గిగాబిట్ కూడా వాటి మీద వెళ్తుంది. ఫెయిలైన కొద్ది పాయింట్లకు కేబుల్ గోడలోనే ఎక్కడో నలిగింది. వాటికి గోడ పగలగొట్టకుండా పక్క పాయింటు నుంచి బయటి ట్రంకింగ్‌లో కొత్త క్యాట్6 లాగి, పాత పాయింట్ల మీద వాడొద్దని లేబుల్ అంటించాం.